లక్ష కిలోమీటర్లు దాటిన కారులో టైమింగ్ బెల్ట్: అరుగుదలను అంచనా వేయడం, అనుబంధ భాగాలతో సహా మార్చడం

టైమింగ్ బెల్ట్ అంటే పిస్టన్లతో తిరిగే క్రాంక్ షాఫ్ట్‌నూ, వాల్వులు తెరిచే క్యామ్ షాఫ్ట్‌నూ లంకె వేసి తిప్పే పళ్ల బెల్ట్. పాత కారు నడిపేవాళ్లు దాని గురించి ఎక్కువగా అడిగేది ఒకటే: "కవర్ విప్పి చూశాను, బెల్ట్ బాగానే ఉంది. ఇంకొన్నాళ్లు నడపొచ్చా?" గడువు దాటిన బెల్ట్ అయితే నా జవాబు వద్దనే. ఇప్పటి బెల్టులు పాడయ్యే ముందు పైకి ఏ గుర్తూ చూపకపోవచ్చు. పైగా బెల్ట్‌కు ఆయువు మిగిలి ఉన్నా, పక్కనున్న బేరింగో వాటర్ పంపో పట్టేసి దాన్ని తెంపేయడం తరచూ జరిగేదే. కాబట్టి బెల్ట్ ఒక్కదాన్నే చూడకుండా, అది తిరిగే దారి మొత్తాన్ని ఒకే పనిగా చూడాలి.

ఇది ఇంజన్ పని కాస్త తెలిసినవాళ్ల కోసం రాసింది. సొంతంగా చేయకపోయినా, మెకానిక్‌ను ఏమడగాలో, ఏది చేయకుండా వదిలేశాడో పట్టుకోవడానికి పనికొస్తుంది.

1. మీ ఇంజన్‌లో ఏముందో ముందు తేల్చుకోండి

ఒకే మోడల్ కారులో పెట్రోల్ ఇంజన్‌కు చెయిన్, డీజిల్ ఇంజన్‌కు బెల్ట్ ఉండొచ్చు. అందుకే కారు పేరు కాదు, ఇంజన్ కోడ్ చూడాలి. సర్వీస్ మాన్యువల్‌లో ఈ విషయాలు వెతకండి:

- బెల్టా, చెయినా?
- బెల్ట్ అయితే పొడిగా తిరిగేదా, ఇంజన్ ఆయిల్‌లో తడుస్తూ తిరిగేదా?
- వాటర్ పంప్‌ను తిప్పేది టైమింగ్ బెల్టేనా?
- బ్యాలెన్స్ షాఫ్ట్‌కు (ఇంజన్ వణుకు తగ్గించే షాఫ్ట్) విడిగా చిన్న బెల్ట్ ఉందా? మిత్సుబిషి 4జీ63 లాంటి వాటిలో ఉంటుంది. ఆ చిన్న బెల్ట్ తెగి పెద్దదానిలో ఇరుక్కుంటే రెండూ పోతాయి.
- బెల్ట్ తెగితే వాల్వులు పిస్టన్‌కు తగులుతాయా?

చివరి ప్రశ్నే ముఖ్యం. తగిలే రకాన్ని ఇంటర్‌ఫెరెన్స్ ఇంజన్ అంటారు. అందులో బెల్ట్ తెగితే వాల్వులు వంగుతాయి, ఒక్కోసారి పిస్టన్, హెడ్ కూడా దెబ్బతింటాయి. డీజిల్ ఇంజన్లు దాదాపు అన్నీ, ఈ మధ్య వచ్చిన పెట్రోల్ ఇంజన్లలో అధిక భాగం ఈ రకమే. టయోటా 5ఎస్-ఎఫ్ఈ లాంటి కొన్ని పాత ఇంజన్లలో బెల్ట్ తెగితే బండి ఆగిపోతుందంతే. మీది ఏ రకమో తెలియకపోతే, తగిలే రకమే అనుకుని పని చేయండి.

2. గడువు: కిలోమీటర్లూ, ఏళ్లూ

చాలా కంపెనీలు 1,00,000 నుంచి 1,60,000 కిలోమీటర్ల మధ్య గడువు ఇస్తాయి. పాత ఇంజన్లకు ఇంకా తక్కువే ఉంటుంది. దీనితో పాటు ఏళ్ల గడువు కూడా ఉంటుంది, రెండింటిలో ఏది ముందొస్తే అదే లెక్క. తక్కువ తిరిగిన కార్ల యజమానులు పొరపడేది ఇక్కడే. పదేళ్లలో 40,000 కిలోమీటర్లే తిరిగినా రబ్బరుకు వయసు వస్తుంది.

విపరీతమైన వేడి, దుమ్ము, గంటల తరబడి ఐడ్లింగ్, నిత్యం బరువు లాగడం ఉంటే మాన్యువల్‌లో కఠిన పరిస్థితులకు ఇచ్చిన గడువు తీసుకోండి. ఐడ్లింగ్‌లో బెల్ట్ తిరుగుతూనే ఉంటుంది, మీటర్‌లో కిలోమీటర్లు మాత్రం పెరగవు.

సెకండ్ హ్యాండ్ కారు కొన్నారు, బెల్ట్ మార్చినట్టు బిల్లు లేదు. అప్పుడు మార్చలేదనే లెక్క. "పోయినేడే మార్పించాం" అన్న నోటిమాటకు ఇంజన్‌ను పణంగా పెట్టకండి.

3. అరుగుదలను అంచనా వేయడం

ఇంజన్ చల్లారాక పై కవర్ తీయండి. ఎక్కువ కార్లలో కొన్ని క్లిప్పులు, ఒకటి రెండు బోల్టులతో వచ్చేస్తుంది. మంచి టార్చ్ పట్టుకుని, క్రాంక్ పుల్లీ బోల్ట్‌కు సాకెట్ పెట్టి ఇంజన్‌ను చేత్తో మెల్లగా తిప్పుతూ బెల్ట్ పొడవంతా చూడాలి. కనిపించిన జానెడు ముక్క చూసి తేల్చేయడం చాలామంది చేసే తప్పు.

కనిపించేదాన్ని బట్టి కారణం ఇలా ఊహించవచ్చు:

- అంచు పీచులు రేగడం, ఒక వైపే అరగడం: పుల్లీ వంకరగా తిరుగుతోంది. టెన్షనర్ (బెల్ట్‌ను బిగువుగా ఉంచే భాగం) లేదా ఐడ్లర్ (బెల్ట్‌కు దారి చూపే పుల్లీ) బేరింగ్ లూజైంది, లేదా వాటర్ పంప్ షాఫ్ట్ ఆడుతోంది.
- పళ్ల మొదట్లో పగులు, పన్ను ఊడటం: బెల్ట్ వదులుగా తిరిగింది, లేదా ఏదో ఒక పుల్లీ పట్టేస్తోంది. కారు ఇక నడపకండి.
- వీపు వైపు అద్దంలా మెరవడం, గట్టిపడటం: వేడికి రబ్బరు ముదిరింది. గోరుతో నొక్కితే లొంగకపోతే దాని పని అయిపోయినట్టే.
- పళ్ల మధ్య గుడ్డ తెల్లబడటం, లోపలి తాళ్లు కనిపించడం: అరుగుదల చివరి దశ.
- ఆయిల్ తడి, బెల్ట్ ఉబ్బినట్టు మెత్తబడటం: క్యామ్ లేదా క్రాంక్ సీల్ (షాఫ్ట్ చుట్టూ ఆయిల్‌ను ఆపే రింగు) కారుతోంది. తుడిచి వాడుకోవడానికి లేదు, బెల్ట్ మార్చాల్సిందే. సీల్ మార్చకుండా బెల్ట్ మారిస్తే కొత్తదీ అలాగే పోతుంది.
- కూలెంట్ ఎండిన మరక: పంప్ కింద చిన్న రంధ్రం ఉంటుంది. అక్కడి నుంచి జాడ కనిపిస్తే పంప్ సీల్ పోయినట్టు.
- కవర్ లోపల నల్లని పొడి: కొద్దిగా ఉండటం మామూలే. గుట్టగా ఉంటే బెల్ట్ ఎక్కడో రాసుకుంటోంది.

ఇవేవీ కనిపించలేదు అనుకుందాం. అంతమాత్రాన బెల్ట్ బాగున్నట్టు కాదు. ఒకప్పటి నియోప్రీన్ బెల్టులు పగుళ్లు చూపించేవి. ఇప్పుడు ఎక్కువగా వాడే హెచ్ఎన్‌బీఆర్ రబ్బరు వేడిని బాగా తట్టుకుంటుంది కాబట్టి పైకి పగలదు. లోపల బలాన్నిచ్చే గాజు పీచు తాళ్లు అలిసిపోయినా బయటికి తెలియదు. కాబట్టి కంటి పరీక్షతో బెల్ట్ చెడిందని చెప్పగలం, బాగుందని చెప్పలేం.

చప్పుళ్ల సంగతి. స్టార్ట్ చేయగానే వచ్చే కీచుమనే శబ్దం సాధారణంగా ఆల్టర్నేటర్ తిప్పే బెల్ట్‌ది. టైమింగ్ బెల్ట్‌కు పళ్లుంటాయి కాబట్టి అది అలా జారి అరవదు. టైమింగ్ కవర్ వెనుక నుంచి ఇంజన్ వేగంతో పాటు పెరిగే ఊళ, గరగర వినిపిస్తే బేరింగ్‌ను అనుమానించాలి. కవర్‌కు తగులుతున్న చరచర శబ్దం వస్తే బెల్ట్ వదులైంది.

స్కానర్‌లో పి0016 కోడ్ వస్తే క్రాంక్, క్యామ్ సెన్సర్ల లెక్క కుదరడం లేదని అర్థం. బెల్ట్ ఒక పన్ను జారి ఉండొచ్చు. సెన్సర్ లోపం, వేరియబుల్ వాల్వ్ టైమింగ్‌లో చిక్కు కూడా ఇదే కోడ్ చూపిస్తాయి. అయినా ముందు ఇంజన్ ఆపేసి క్రాంక్, క్యామ్ గేర్ల మీది టైమింగ్ గుర్తులు చూడండి, మిగతావి తర్వాత.

తడి బెల్ట్ ఉన్నవాళ్లకు

ఫోర్డ్ 1.0 ఎకోబూస్ట్, ప్యూజో–సిట్రోయెన్ 1.2 ప్యూర్‌టెక్ తొలి రకాలు ఈ కోవలోవి. ఇక్కడ బెల్ట్‌తో పాటు ఆయిల్ మీదా నిఘా పెట్టాలి. కంపెనీ చెప్పిన గ్రేడ్ కాని ఆయిల్ పోసినా, పెట్రోల్ ఆయిల్‌లో కలిసినా రబ్బరు ఉబ్బి పొరలు ఊడుతుంది. ఆ ముక్కలు ఆయిల్ పంప్ జల్లెడను మూసేస్తాయి. ఆయిల్ ప్రెషర్ లైట్ వెలిగితే వెంటనే ఇంజన్ ఆపాలి. ప్యూర్‌టెక్‌లో ఆయిల్ పోసే మూత తీసి, దానికోసమే చేసిన గేజ్‌తో బెల్ట్ వెడల్పు కొలవవచ్చు. గేజ్‌లో పట్టకపోతే ఉబ్బినట్టే. బెల్ట్ ముక్కలు ఊడిన ఇంజన్‌లో ఆయిల్ పాన్ విప్పి జల్లెడ శుభ్రం చేయకుండా కొత్త బెల్ట్ వేస్తే సగం పనే చేసినట్టు. కింది అడుగులు ప్రధానంగా పొడి బెల్ట్ కోసం.

4. బెల్ట్‌తో పాటు మార్చాల్సినవి

విడి బెల్ట్ కొనకండి, పూర్తి కిట్ కొనండి. గేట్స్, కాంటినెంటల్, డేకో, ఐఎన్ఏ, ఎస్‌కేఎఫ్ లాంటి పేరున్న కంపెనీల కిట్లు ఇంజన్ కోడ్‌ను బట్టి దొరుకుతాయి. నకిలీలు ఎక్కువ తిరిగే సరుకు ఇది, కాబట్టి అమ్మేవారిని చూసి కొనండి.

- టైమింగ్ బెల్ట్, బ్యాలెన్స్ షాఫ్ట్ బెల్ట్ ఉంటే అదీ
- టెన్షనర్, హైడ్రాలిక్ రకమైతే దాని సిలిండర్ కూడా
- ఐడ్లర్ పుల్లీలు అన్నీ
- వాటర్ పంప్, గ్యాస్కెట్ (టైమింగ్ బెల్ట్ తిప్పేదైతే తప్పనిసరి)
- క్రాంక్ ముందు సీల్, క్యామ్ సీళ్లు
- ఒకసారి బిగిస్తే సాగే రకం బోల్టులు, ముఖ్యంగా క్రాంక్ బోల్ట్
- ఆల్టర్నేటర్ బెల్ట్, కొత్త కూలెంట్

"వాటర్ పంప్ కారడం లేదు కదా, ఎందుకు మార్చడం?" అంటారు. పాత పంప్ ఇంకో ఏడాదికి కారితే మళ్లీ ఇదంతా విప్పాలి, కూలెంట్ తడిసిన కొత్త బెల్టూ పారేయాలి. ఈ పనిలో ఎక్కువ భాగం విప్పి బిగించే శ్రమే. సీళ్ల విషయంలో మాత్రం కొంత వెసులుబాటు ఉంది: ఇంతవరకు చుక్క కూడా కారని క్యామ్ సీల్‌ను, తీయడం చేతకాక షాఫ్ట్ మీద గీత పెట్టేంత సాహసం చేసే బదులు వదిలేయడం మేలు. తడి కనిపిస్తే మార్చక తప్పదు.

కొత్త బెల్ట్‌ను మడవకండి, మెలిపెట్టకండి, లోపలి వైపు బయటికి తిప్పకండి. గాజు తాళ్లు విరుగుతాయి, పైకి కనిపించదు. గ్రీజు చేతులతో ముట్టుకోకండి.

5. పని మొదలుపెట్టే ముందు

- మీ ఇంజన్ కోడ్‌కు చెందిన మాన్యువల్: గుర్తుల బొమ్మ, టార్క్ (బోల్ట్‌ను ఎంత బలంతో బిగించాలో) అంకెలు, టెన్షనర్ పద్ధతి
- టార్క్ రెంచ్, డిగ్రీల గేజ్
- మీ ఇంజన్‌కు సరిపోయే క్యామ్, క్రాంక్ లాకింగ్ టూల్స్ (షాఫ్టులను సరైన స్థానంలో నిలిపేవి)
- క్రాంక్ పుల్లీని కదలకుండా పట్టే టూల్
- జాకీ, గట్టి స్టాండులు, చక్రాలకు అడ్డు చెక్కలు
- తెల్ల పెయింట్ మార్కర్, ఫొటోల కోసం ఫోన్

లాకింగ్ టూల్స్ గురించి ఒక మాట. కొన్ని ఇంజన్లలో గేర్‌ను షాఫ్ట్‌కు కట్టిపడేసే కీ ఉండదు, బోల్ట్ బిగింపు మీదే గేర్ నిలబడుతుంది. అలాంటి వాటిలో పెయింట్ గుర్తులు ఎందుకూ పనికిరావు. టూల్ లేకపోతే ఆ పని మొదలుపెట్టొద్దు.

6. విప్పే క్రమం

(1) ఇంజన్ పూర్తిగా చల్లారనివ్వండి. రాత్రంతా వదిలేయడం ఉత్తమం, టెన్షన్ సెట్ చేసేది చల్లని ఇంజన్ మీదే. బ్యాటరీ నెగెటివ్ తీసేయండి.

(2) కారు లేపి స్టాండ్ల మీద నిలపండి. చక్రం, లోపలి ప్లాస్టిక్ షీల్డ్ తీయండి. కూలెంట్ దించండి. ఆల్టర్నేటర్ బెల్ట్ తీసే ముందు అది వెళ్లే దారి ఫొటో తీసుకోండి.

(3) ఇంజన్ మౌంటింగ్ తీయాల్సి ఉంటే, ఆయిల్ పాన్ కింద వెడల్పాటి చెక్క పెట్టి జాకీతో ఇంజన్ బరువు ఆపండి. చెక్క లేకుండా జాకీ నేరుగా పెడితే పాన్ సొట్టపడుతుంది, అల్యూమినియమైతే పగులుతుంది.

(4) క్రాంక్ బోల్ట్ వదులు చేయండి. ఈ పనిలో అందరినీ ఏడిపించేది ఇదే. పుల్లీని హోల్డింగ్ టూల్‌తో పట్టి, పొడవైన బార్ వాడండి. బార్‌ను నేలకు ఆనించి స్టార్టర్ కొట్టే చిట్కా జోలికి పోకండి. బార్ జారితే మనిషికి దెబ్బ, ఇంజన్‌కూ దెబ్బ. లాకింగ్ పిన్నులను అడ్డుపెట్టి కూడా బోల్ట్ తిప్పొద్దు. అవి స్థానం చూపడానికే కానీ ఆ బలం ఆపడానికి కాదు.

(5) బోల్ట్ వదులయ్యాక ఇంజన్‌ను మామూలుగా తిరిగే దిశలోనే తిప్పుతూ ఒకటో సిలిండర్‌ను టీడీసీకి, అంటే పిస్టన్ పైకొచ్చే చివరి స్థానానికి తెండి. ఎక్కువ ఇంజన్లు పుల్లీ వైపు నుంచి చూస్తే గడియారం ముల్లు దిశలో తిరుగుతాయి. కొన్ని పాత హోండా ఇంజన్లు దానికి ఎదురు. క్రాంక్ రెండు చుట్లు తిరిగితే క్యామ్ ఒక చుట్టే తిరుగుతుంది, కాబట్టి క్రాంక్ గుర్తు కలిసినా క్యామ్ గుర్తు అవతలి వైపు ఉండొచ్చు. అప్పుడు ఇంకో పూర్తి చుట్టు తిప్పండి.

(6) పుల్లీ, కింది కవర్ తీయండి. ప్రతి గుర్తునూ ఎదురుగా నిలబడి ఫొటో తీయండి. పక్క నుంచి చూస్తే ఒక పన్ను తేడా ఉన్నట్టు భ్రమ కలుగుతుంది. లాకింగ్ టూల్స్ పెట్టండి.

(7) టెన్షనర్ వదులు చేసి బెల్ట్ తీయండి. ఇక్కడి నుంచి క్రాంక్‌ను గానీ క్యామ్‌ను గానీ విడిగా తిప్పొద్దు. సుబారు డీఓహెచ్‌సీ (ఒక్కో వైపు రెండు క్యామ్‌లుండే) ఇంజన్లలో ఎడమ వైపు క్యామ్‌లు స్ప్రింగుల ఒత్తిడిలో ఉంటాయి, బెల్ట్ తీయగానే ఒక్కసారిగా ఎగిరి తిరుగుతాయి. అక్కడ ముందే పట్టుకునే టూల్ కావాలి.

7. బెల్ట్ బయటికి వచ్చాక

పాత టెన్షనర్‌ను, ఐడ్లర్లను వేలితో తిప్పి చూడండి. ఎలాగూ పారేసేవే అయినా, గరగరలాడేది ఏదో తెలిస్తే పాత బెల్ట్ అరుగుదలకు కారణం దొరుకుతుంది. కొత్త కిట్‌తో ఆ కారణం పోయిందో లేదో తేల్చుకోవచ్చు. బెల్ట్ అంచు ఒకే వైపు అరిగి ఉండి బేరింగులన్నీ బాగుంటే, బ్రాకెట్ వంగిందేమో, టెన్షనర్ బిగించే స్టడ్ వాలిందేమో చూడాలి.

సీళ్లు మార్చేటప్పుడు షాఫ్ట్ మీద గీత పడకూడదు. కొత్త సీల్ పెదవికి కొంచెం ఇంజన్ ఆయిల్ రాసి, పాతది ఉన్న లోతుకే సమంగా నొక్కండి. పొడిగా బిగించాలని తయారీదారు రాసిన సీళ్లకు మాత్రం ఆయిల్ వద్దు.

వాటర్ పంప్ కూర్చునే చోట పాత గ్యాస్కెట్ పూర్తిగా గీకి తుడవండి. రబ్బరు రింగు ఉన్న పంప్‌కు సీలెంట్ పూయొద్దు. పళ్ల పుల్లీల మీదున్న ఆయిల్‌ను శుభ్రంగా తుడిచి ఆరాకే బెల్ట్ ముట్టుకోవాలి.

8. కొత్త బెల్ట్ ఎక్కించడం, టెన్షన్ సెట్ చేయడం

బెల్ట్ మీద బాణం ఉంటే అది ఇంజన్ తిరిగే దిశకు ఉండాలి. క్రాంక్ గేర్ దగ్గర మొదలుపెట్టి, టెన్షనర్ లేని వైపు బిగువుగా పట్టుకుంటూ క్యామ్ మీదికి తీసుకెళ్లండి. వదులంతా చివరికి టెన్షనర్ వైపే మిగలాలి. బెల్ట్ ఎక్కడం లేదని స్క్రూడ్రైవర్‌తో తోయకండి. టెన్షనర్ పూర్తిగా వెనక్కి వెళ్లిందో లేదో చూడండి, ఇబ్బంది సాధారణంగా అక్కడే ఉంటుంది.

టెన్షనర్ రెండు రకాలుగా ఎదురవుతుంది.

ముల్లు ఉండే రకం: వెనుకనున్న కొక్కెం ఇంజన్ మీది గాడిలో కచ్చితంగా కూర్చోవాలి. అది కూర్చోకుండా బిగించి బెల్ట్ జారగొట్టుకున్నవాళ్లు చాలామంది. తర్వాత మాన్యువల్ చెప్పిన దిశలోనే అలెన్ కీతో తిప్పి ముల్లును గుర్తుకు తెచ్చి, నట్‌ను చెప్పిన టార్క్‌కు బిగించండి. ఎదురు దిశలో తిప్పినా ముల్లు గుర్తు దగ్గరికి రావొచ్చు, చూడటానికి సరిగ్గానే ఉంటుంది, తర్వాత వదులైపోతుంది.

హైడ్రాలిక్ రకం: కొత్తది పిన్‌తోనే వస్తుంది. బెల్ట్ ఎక్కించి అన్నీ బిగించాకే పిన్ లాగాలి. పాతదే వాడక తప్పదంటే, నిలువుగా వైస్‌లో పెట్టి చాలా నెమ్మదిగా నొక్కండి. ఆయిల్ చెమ్మ ఉన్నా, చేతి బలానికే లోపలికి పోయినా అది పనికిరాదు.

బెల్ట్‌ను రెండు వేళ్లతో 90 డిగ్రీలు మెలిపెట్టి బిగువు చూసే పాత పద్ధతి ఆటోమేటిక్ టెన్షనర్లకు వర్తించదు. బిగువు ఎక్కువైతే ఊళ వేస్తుంది, బేరింగులు త్వరగా పోతాయి. తక్కువైతే పళ్లు దాటుతుంది.

9. చేత్తో తిప్పి చూడటం

లాకింగ్ టూల్స్ అన్నీ తీసేయండి. తీశామని లెక్కపెట్టుకోండి కూడా. క్రాంక్‌ను రెంచ్‌తో మామూలు దిశలో కనీసం రెండు పూర్తి చుట్లు నిదానంగా తిప్పండి. ఎక్కడైనా గట్టిగా ఆగితే బలం పెట్టొద్దు, అది వాల్వ్ పిస్టన్‌కు తగులుతున్న గుర్తు కావొచ్చు. కంప్రెషన్ వల్ల వచ్చే బరువు మెల్లగా లొంగుతుంది, ఇనుము ఇనుముకు తగిలితే లొంగదు. ఆ తేడా చేతికి తెలుస్తుంది.

మళ్లీ టీడీసీకి తెచ్చి గుర్తులు, టెన్షనర్ ముల్లు చూడండి. టూల్స్ సులువుగా దూరాలి.

కొత్తగా చేసేవాళ్లు కంగారుపడే చోటు ఒకటుంది. కొన్ని బెల్టుల మీద గీతలు ముద్రించి ఉంటాయి. ఎక్కించేటప్పుడు అవి గేర్ల గుర్తులతో కలుస్తాయి, రెండు చుట్లు తిప్పాక కలవవు. బెల్ట్ పళ్ల సంఖ్య, గేర్ పళ్ల సంఖ్య వేరు కాబట్టి అలా జరగడం సహజం. చూడాల్సింది గేర్ గుర్తు ఇంజన్ గుర్తుతో కలుస్తోందా అన్నది మాత్రమే.

"ఒక పన్నే కదా" అని వదలకండి. క్రాంక్ గేర్‌కు 20 పళ్లుంటే ఒక పన్ను తేడా అంటే 18 డిగ్రీలు. తేడా కనిపిస్తే టెన్షనర్ వదులు చేసి మళ్లీ మొదటి నుంచి ఎక్కించడమే.

10. బిగింపు, మొదటి స్టార్ట్

కొత్త క్రాంక్ బోల్ట్‌ను మాన్యువల్ చెప్పిన టార్క్‌కు, ఆపై డిగ్రీలు చెప్పి ఉంటే అంత కోణం తిప్పి బిగించండి. కీ లేని గేర్లలో ఈ బిగింపు తగ్గితే గేర్ జారి, అంతవరకు చేసిందంతా వృథా. కవర్లు, మౌంటింగ్, షీల్డ్ అన్నీ తిరిగి పెట్టండి. కవర్ లేకుండా నడిపితే చిన్న రాయి చాలు బెల్ట్ పోవడానికి.

కూలెంట్ పోసి గాలి పూర్తిగా తీయండి. స్టార్ట్ చేశాక హీటర్ వేడి గాలి ఇస్తోందా, టెంపరేచర్ ముల్లు నిలకడగా ఉందా చూడండి. ఫ్యాన్ ఒకసారి తిరిగి ఆగేదాకా ఇంజన్ దగ్గరే ఉండండి.

ఏదైనా తేడా వస్తే ఇలా వెతకండి:

- ఇంజన్ వణుకుతోంది, లాగడం లేదు, చెక్ లైట్ వెలిగింది: వెంటనే ఆపండి. టైమింగ్ ఒక పన్ను తేడా ఉండొచ్చు. రేస్ చేసి చూడొద్దు.
- కొత్తగా ఊళ శబ్దం: బెల్ట్ బిగువు ఎక్కువైంది, లేదా ఐడ్లర్ సరిగా కూర్చోలేదు.
- కవర్‌లో చరచర: బిగువు తక్కువ, లేదా కవర్ అంచు బెల్ట్‌కు తగులుతోంది.
- అసలు స్టార్ట్ కావడం లేదు: ముందు క్రాంక్, క్యామ్ సెన్సర్ ప్లగ్గులు చూడండి, పెట్టడం మర్చిపోవడం మామూలే. అవి బాగుంటే గుర్తులు మళ్లీ చూసేదాకా సెల్ఫ్ కొట్టొద్దు.
- హీటర్ చల్లగా ఉంది, టెంపరేచర్ పెరుగుతోంది: కూలెంట్‌లో గాలి ఇరుక్కుంది. ఇంజన్ ఆపి, పూర్తిగా చల్లారాకే మూత తీసి గాలి తీయండి.

దగ్గరి దూరం ఒకసారి తిప్పి వచ్చి, ఇంజన్ చల్లారాక కూలెంట్ మట్టం చూసుకోండి, పంప్ కింద తడి ఉందేమో తడిమి చూడండి. మార్చిన తేదీ, కిలోమీటర్లు, కిట్ నంబరు ఒక స్టికర్ మీద రాసి టైమింగ్ కవర్‌కు అంటించండి. బిల్లులు దాచండి. ఈ కారు అమ్మితే కొనేవాడు అడిగే మొదటి కాగితం అదే.